ఐదుగురి పెట్టె, నూరుగురి పెట్టె

ఆ మాట వాద్యారు రాయలేదు. నేనే కలిపాను.

ఈ రెండు వాక్యాలు నోటి దాకా రావడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. మా వైపు బడిపంతులును వాద్యారు అంటారు. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, పక్కూరి చర్చిలో గుడ్‌ఫ్రైడే నాడు ఆడే నాటకం రాసిన మనిషి. ఆ నాటకంలో ఒక పాడు మాట పలికింది నా నోరు. నింద పడింది ఆయన మీద. అది నా మాట అని లేచి చెప్పాల్సిన చోట నేను చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.

జరిగింది ఇంతే. ఇక్కడితో ఆపేస్తే నాకూ సుఖమే. కానీ ఆ మాట ఎంత పాడుదో తెలియాలంటే దానికి ముందు మేము ఎంత నవ్వామో కూడా చెప్పాలి.

మాది ధర్మపురి జిల్లాలో పెన్నాగరం పక్కన ఒక మెట్ట ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రాగి, వేరుశనగ, నాలుగు ఆవులు. ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చిందంటే మేము కూత్తు కడతాం. కూత్తు అంటే వీధినాటకం. చెక్క కిరీటాలు, చెక్క భుజకీర్తులు, మొహం నిండా రంగు. మాకు తెలిసిన కథ ఒక్కటే. ఐదుగురు అన్నదమ్ములు ఒక పక్క, వాళ్ళ దాయాదులు నూరుగురు ఒక పక్క. అందుకని మా దగ్గర రెండు పెట్టెలు ఉంటాయి. ఐదుగురి పెట్టెలో పచ్చ రంగు, పూసల దండలు, సాధువైన కిరీటాలు. నూరుగురి పెట్టెలో ఎర్ర రంగు, కోరమీసాలు, మనిషి కంటే బరువైన కిరీటాలు. నాది నూరుగురిలో పెద్దవాడి వేషం. తెర వెనక నుంచి వచ్చి మీసం మెలేస్తే చాలు, ఈలలు. ఆ ఈలల కోసమే నేను బతికాను అంటే అబద్ధం కాదు.

కూత్తు ముగిసే చోట మాకో ఆచారం ఉంది. చివరి వేషం కట్టినవాడు కిరీటం తీసి చేత్తో పట్టుకుని, "తప్పులుంటే సభ మన్నించాల" అని దండం పెట్టాలి. సభలో జరిగిన తప్పు సభలోనే కడుక్కోవాలని పెద్దవాళ్ళు పెట్టింది. ఇరవై ఏళ్ళు ఆ మాట చెప్పాను. ఏం తప్పు అని ఒక్కసారీ ఆలోచించలేదు. బస్సు దిగేవాడు కండక్టరుకు తల ఊపినట్టు చెప్పేవాణ్ణి.

పక్కూళ్ళో చర్చి ఉంది. గుడ్‌ఫ్రైడే నాటకం వాళ్ళే వేసుకునేవాళ్ళు. ఒక ఏడు వాళ్ళ వేషాలకు చెదలు పట్టింది. ఫాదర్ మమ్మల్ని పిలిపించాడు. చర్చిలో గంట కొట్టే ఆయన మా పశువుల కొట్టంలో కూర్చుని అరగంటలో కథ చెప్పాడు. అంతా విని మా చిన్నాయన ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"అదంతా సరే. మంచోళ్ళెవురు, చెడ్డోళ్ళెవురు?"

"ఏసుసామి, శిష్యులు మంచోళ్ళు. యూదులు చెడ్డోళ్ళు."

"అట్ల చెప్పు," అని చిన్నాయన రెండు పెట్టెలూ తెరిచాడు.

అప్పట్నుంచి చిన్నాయన యేసు. ఐదుగురిలో పెద్దన్న వేషం ఆయనదే కాబట్టి అదే కిరీటం, అదే పూసల దండ. నా బావమరిది గద పట్టే తమ్ముడి వేషం కట్టేవాడు కాబట్టి ప్రధాన శిష్యుడు అయ్యాడు. ఆ శిష్యుడు తోటలో కత్తి తీసి ఒకడి చెవి తెగ్గొట్టాలి. బావమరిది గదతో వీపు మీద ఒకటి వేసేవాడు. జనం దాన్ని మళ్ళీ మళ్ళీ వేయించుకునేవాళ్ళు. గురువును పట్టిచ్చిన శిష్యుడికి పాచికలాడే మామ వేషం, చేతిలో పాచికలు సహా. శిక్ష వేసిన రోమా గవర్నరు దగ్గర కాసేపు చిక్కొచ్చింది. చేతులు కడుక్కుంటాడు కదా, శుభ్రమైన మనిషి లాగున్నాడు అని అతన్ని ఐదుగురి పెట్టెలోకి చేర్చాం. నేను యూదుల ప్రధాన యాజకుణ్ణి. ఎర్ర రంగు, కోరమీసం, ఈలలు. పదేళ్ళు ఇలాగే ఆడాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

పదకొండో ఏడు వాద్యారు రిటైరై ఊరికి వచ్చాడు. మా రిహార్సలుకు గొడుగు వేసుకుని వచ్చి, ఒక మూల కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చూశాడు. ఆయన మాట్లాడేది తమిళం. నేను తెలుగులో రాస్తున్నాను.

"యేసుది ఏ జనం?" అని అడిగాడు చిన్నాయనను.

"ఇదేమి ప్రశ్న సార్, కిరస్తానం."

"ఆయన బతికినప్పుడు ఆ మాటే లేదు. ఆయన యూదుడు. వాళ్ళమ్మ యూదురాలు. పన్నెండుమంది శిష్యులూ యూదులే."

బావమరిది గద నేల మీద పెట్టాడు.

"అట్లయితే నేను ఎవుర్ని కొట్టేది సార్?"

వాద్యారు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత గవర్నరు వేషం కట్టినవాణ్ణి చూపించి, "సిలువ వేయించింది వీడు. వీణ్ణి పచ్చ రంగులో పెట్టినారు," అన్నాడు. ఆ పూట నుంచి మాకు రిహార్సలు కంటే వాద్యారు పాఠమే ఎక్కువైంది. నేను బడిలో ఉన్నప్పుడు చరిత్ర ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

మాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, మొదటి రెండు మూడు వందల ఏళ్ళు యేసును నమ్మినవాళ్ళు ఒక మాట మీద లేరు. తలా ఒక దారి. ఒక గుంపు యూదుల ఆచారాలన్నీ పాటిస్తూనే యేసును నమ్మింది. శనివారం పని చేయరు, కొన్ని మాంసాలు ముట్టరు. ఆయన దేవుడు ఎన్నుకున్న మనిషి అన్నారు, అంతకుమించి అనలేదు. ఇంకో గుంపు ఆ ఆచారాలు బయటివాళ్ళకు అక్కర్లేదు, నమ్మకం చాలు అంది. మూడో గుంపు యేసుకు అసలు ఒళ్ళే లేదు, ఉన్నట్టు కనిపించాడంతే అంది. ఓడల వ్యాపారి ఒకడు అందరికంటే ముందుకు పోయి, యూదుల దేవుడు వేరు, యేసు దేవుడు వేరు, పాత గ్రంథాలన్నీ అవతల పారేయండి అన్నాడు.

వారం తిరక్కుండా మా మేళమూ పార్టీలైంది. చిన్నాయనకు కొరడా దెబ్బల సీను అంటే భయం. కాబట్టి ఆయన మూడో పార్టీ.

"నాకు ఒళ్ళే లేనప్పుడు ఇంక కొరడా దేనికి సార్? తీసేయండి ఆ సీను."

"ఒళ్ళు లేకుంటే మధ్యాన్నం మింగిన మూడు ముద్దలు యాడికి పోయినాయి మామా?" అన్నాడు బావమరిది.

"కనిపించినాయి రా అవి. నిజంగా లేవు."

బావమరిది శనివారం పని చేయకూడదనే మాట విని మొదటి పార్టీలో చేరాడు. చేరి రెండు రోజులు దర్జాగా తిరిగాడు. మూడో రోజు వాద్యారు సున్నతి సంగతి వివరంగా చెప్పాడు. చిన్నప్పుడే చేస్తారని, పెద్దయినాక చేరేవాడికి పెద్దయినాకే చేస్తారని. బావమరిది కాసేపు దూరంగా ఉన్న కొండను చూశాడు.

"సార్, నేను రెండో పార్టీ," అన్నాడు.

నాకు ఆ ఓడల వ్యాపారి నచ్చాడు. దేవుళ్ళను కూడా రెండు పెట్టెల్లో సర్దినవాడు కదా, మా మేళంలో పనికొచ్చే మనిషి అన్నాను. వాద్యారు నవ్వలేదు. "వాణ్ణి సంఘం బయటికి తోసింది," అన్నాడు. "యూదుల గ్రంథాలు మాకూ కావాలని ఉంచుకునింది. గ్రంథాలు ఉంచుకుని, వాటిని రాసిన జనాన్ని తిడతా వచ్చింది. దానికేమంటావు?"

ఎందుకు తిట్టారు అని అడిగాను. ఆయన మా పెట్టెల వంక చూపించాడు.

"మీ ఐదుగురు, ఆ నూరుగురు ఎవురు?"

"పాలోళ్ళు సార్. ఒకే తాత మనవళ్ళు."

"ఇదీ అంతే. ఒకే ఇంట్లో జగడం. మొదట్లో తిట్టినోళ్ళూ యూదులే, తిట్లు తిన్నోళ్ళూ యూదులే. పైన రోమా ప్రభుత్వం ఉంది, దాన్ని తిడితే ప్రాణం పోతుంది. అందుకని కథ చెప్పేకొద్దీ గవర్నరు మంచోడవుతా వచ్చినాడు, పాలోళ్ళు చెడ్డోళ్ళవుతా వచ్చినారు. తర్వాత ఆ ఇంటికి సంబంధం లేనోళ్ళు వచ్చి, ఆ తిట్లు మాత్రం నేర్చుకున్నారు. పాలోళ్ళు కోపంలో అనుకునే మాటల్ని పరాయివాడు పట్టుకుంటే ఏమవుతుంది? ఇళ్ళు తగలబెట్టినారు. ఊళ్ళ నుంచి తరిమినారు. చంపినారు. ఎన్నో దేశాల్లో, ఎన్నో వందల ఏండ్లు."

మళ్ళీ మమ్మల్ని నవ్వించడానికి అనుకుంటాను, ఇంకో సంగతి చెప్పాడు. పాత రోజుల్లో ఒక బోధకుడు చర్చికి వచ్చేవాళ్ళను గంటలకొద్దీ తిట్టేవాడట, యూదుల పండగలకు పోవద్దని, వాళ్ళ ప్రార్థనల్లో కూర్చోవద్దని. "అంత తిట్టినాడంటేనే తెలుస్తుంది కదా, జనం హాయిగా రెండు చోట్లకూ పోతా ఉండినారని." మా అమ్మ ఊరి దేవత మారియమ్మకు పొంగలి పెట్టి, ఆవు ఈనడం కష్టమైతే చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకునే మనిషి. ఆమెకు ఈ సంగతి చెబితే, "ఆ తిట్టినాయనకు ఆవులు లేవేమో," అంది.

ఇప్పుడు డాక్టరమ్మ సంగతి చెప్పాలి. ఆమె మా వైపు పశువుల డాక్టరు. సొంత ఊరు కొచ్చి. తిరుపతిలో చదివింది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది, చదువుతుంది. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం గానీ అక్షరాలు రావు. నాకు అక్షరాలు ఆమే నేర్పింది, టీకా కార్డుల వెనక రాయించి. మొదట రాసిన మాట 'ఆవు'. ఇది తెలుగులో రాస్తున్నది కూడా అందుకే.

కేరళ మనిషి, బొట్టు పెట్టదు కాబట్టి కిరస్తానమని అందరూ అనుకున్నారు. ఫాదర్ ప్రతి ఏడూ పంపే మట్టల పండగ తాటాకు సిలువను ఆమె టీకాల ఫ్రిజ్ మీద మర్యాదగా నిలబెట్టేది. ఒక శుక్రవారం సాయంత్రం మా ఆవు ఈనలేక నేల మీద పడిపోతే ఆమె ఇంటికి పరుగెత్తాను. బల్ల మీద గాజు గిన్నెల్లో రెండు నూనె దీపాలు అప్పుడే వెలిగించింది. మా అమ్మ కూడా శుక్రవారం సందెకు దీపం పెడుతుంది. అందుకని తెలిసినవాడిలా, "మీరు మావాళ్ళేనా అమ్మా?" అన్నాను.

"కాదు. యూదులం. రేపు సాయంత్రం దాకా మాకు విశ్రాంతి."

నా మొహం పడిపోయింది. విశ్రాంతి అంటే ఆవు గతేమిటి? ఆమె అప్పటికే రబ్బరు బూట్లు తొడుక్కుంటోంది.

"ఆవుకు వారం తెలీదు కదా. నడువు."

దూడ బతికింది. దారిలో ఆమె చెప్పింది, కొచ్చిలో వాళ్ళ జనం ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందేనని. ఊళ్ళో చెప్పకూడదనేమీ లేదుగానీ, చెబితే ప్రతి ఒక్కరికీ అరగంట వివరించాలని, ఆ లోపల నాలుగు మేకలు చూడొచ్చని. నేనెవరికీ చెప్పలేదు.

వాద్యారు ఆ ఏడు నాటకం తిరగరాశాడు. నోటుబుక్కు నా చేతికి ఇచ్చాడు. నేను చదివి చెబితే మిగతావాళ్ళు కంఠస్థం చేసేవాళ్ళు. యేసు, శిష్యులు, యాజకులు, వీధిలో జనం అందరికీ ఐదుగురి పెట్టె. రోమా వాళ్ళకు మాత్రం నూరుగురి పెట్టె. నా యాజకుడికి ఒక ఏడుపు సీను కూడా రాశాడు, రోమా సైన్యం వచ్చి ఊరు తగలబెడుతుందేమోనని భయపడే మనిషి. బాగా రాశాడు. నేను పొంగిపోయి డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"ఈసారి మీవాళ్ళను మేము తిట్టడం లేదమ్మా. వాద్యార్ సార్ అంతా మార్చినాడు. మీరు రావాల."

"ఆరు లోపల అయిపోతుందా? దీపం పెట్టాల."

"ఫాదర్ అయిదున్నరకే ముగించమన్నాడు."

వచ్చింది. మొదటి వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో, వాద్యారు పక్కన కూర్చుంది. నాలుగు గంటల ఎండ. రంగు కారి చిన్నాయన గడ్డం నుంచి పచ్చ చుక్కలు పడుతున్నాయి. ఆయన తనకు ఒళ్ళు ఉందని ఆ రోజు ఒప్పుకున్నాడు. నాటకం బ్రహ్మాండంగా సాగింది. నా వంతు వచ్చింది. తెర తీశారు. పచ్చ రంగుతో, మీసం లేకుండా, చేతులు జోడించి వచ్చాను.

ఈల లేదు.

వెనక నుంచి ఎవడో, "రాజుకు ఒళ్ళు బాగలేదా?" అన్నాడు. నవ్వులు. నా ఏడుపు సీను మొదలుపెట్టాను. ఆడవాళ్ళు పిల్లలకు నీళ్ళు తాగిస్తున్నారు. పదేళ్ళుగా ఆ స్థలంలో నాకు ఈల లేని పూట లేదు. ఏమయిందో నాకు, లేని మీసం మెలేశాను. అంతే, జనం లేచారు. మద్దెల అతను పాత అలవాటు కొద్దీ పాత దరువు వేశాడు. దరువు వినగానే నోరు తనంతట తాను తెరుచుకుంది. పాత నాటకంలోది కూడా కాదు, అప్పటికప్పుడు కట్టాను: దేవుణ్ణి చంపిన కులం మాది, ఆ పాపం మా పిల్లల పిల్లలకూ అంటనీ, మాకేమి భయం. ఈలలు చెట్ల మీది కాకుల్ని లేపాయి. నేను దాన్ని మూడుసార్లు పాడాను. ఆ క్షణంలో నా అంత సంతోషంగా ఉన్న మనిషి జిల్లాలో లేడు. అది ఒప్పుకోవాలి.

మూడోసారి పాడుతూ మొదటి వరస చూశాను. డాక్టరమ్మ పాట అయ్యేదాకా ఆగింది. మర్యాద మనిషి. తర్వాత సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయింది. వాద్యారు ఖాళీ కుర్చీని చూస్తున్నాడు. నాటకం ముగిశాక నేను కిరీటం తీసి, "తప్పులుంటే సభ మన్నించాల," అని గడగడా చెప్పేసి దిగిపోయాను.

ఇంటికి పోతూ బావమరిది అడిగాడు. "బావా, ఆ పాట నోటుబుక్కులో ఉండిందా?"

"సార్ ఆఖర్లో చేర్చినాడు," అన్నాను.

మరునాడు మేకను పట్టుకొచ్చిన ఒకావిడ, ఎందుకమ్మా లేచి పోయినారు అని అడిగితే డాక్టరమ్మ తను యూదురాలినని ఉన్నమాట చెప్పింది. సాయంత్రానికి చుట్టుపక్కలంతా తెలిసింది. ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు అందరూ కూడారు. మమ్మల్ని కూడా పిలిచారు. ఒక పెద్దాయన అన్నాడు, "మన ఆవుల్ని చూసే అమ్మను పిలిచి, ముందర కూర్చోబెట్టి తిట్టించినాము. రాసిందెవురు?"

అందరూ వాద్యారు వంక తిరిగారు. వాద్యారు నా వంక ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. తరగతిలో జవాబు తెలిసిన పిల్లవాడు తనే లేస్తాడని ఆగే చూపు. నా ఎడమ చెప్పు పట్టీ తెగితే దారం కట్టి ఉంది. ఆ ముడి నాకు ఇప్పటికీ గుర్తు.

"నాటకం నాది," అన్నాడు వాద్యారు. "పలికిందంతా నాదే."

ఆ తర్వాత ఆయన మళ్ళీ నాటకం జోలికి రాలేదు. పాఠాలు చెప్పి మనుషుల్ని నమ్మించి, లోపల మాత్రం పాత విషమే పెట్టుకున్నాడని జనం అనుకున్నారు. జూన్‌లో డాక్టరమ్మకు బదిలీ వచ్చింది. ఆవుకు పట్టిన పిడుదుల మందు కోసం పోతే సామాను కడుతోంది. సీసా నా చేతిలో పెట్టి అంది, "ఆ నాటకం అయినాక మీ వాద్యారు నా దగ్గరికి వచ్చి గంటసేపు మాట్లాడినాడు, మా జనానికి జరిగిన అన్యాయం గురించి. ఇంత తెలిసినాయన ఇట్ల రాసినాడు. తిట్టేవాణ్ణి అర్థం చేసుకుంటాను. తెలిసీ తిట్టేవాణ్ణే అర్థం చేసుకోలేను."

నేను సీసా మూత బిగుతుగా ఉందా లేదా చూసుకున్నాను. "ఎన్ని చుక్కలమ్మా?" అని అడిగి వచ్చేశాను.

నాటకం మళ్ళీ రెండు పెట్టెలకు తిరిగింది. నాకు ఈలలు వచ్చాయి. వినడానికి మునుపటిలా లేవు. నోటుబుక్కును నూరుగురి పెట్టెలో, ఎర్ర రంగు డబ్బాల అడుగున దాచాను.

ఈ ఏడు కొత్త ఫాదర్ వచ్చాడు. పెట్టెలు ఎండలో పెట్టమని బావమరిదికి చెప్పి నేను పెన్నాగరం సంతకు పోయాను. తిరిగి వచ్చేసరికి అతను పెట్టె మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో నోటుబుక్కు. తమిళం కూడబలుక్కుని చదువుతాడు. పూటంతా పట్టి ఉంటుంది.

"బావా, దీంట్లో ఆ పాట లేదే."

"లేదు."

"మరి?"

"నేనే."

నోటుబుక్కు మూసి అన్నాడు, "సార్ ఎదురొస్తే తొమ్మిదేండ్లుగా నేను పక్క సందులోకి తిరుక్కుంటా ఉండాను బావా. ఇప్పుడు ఆ సందులన్నీ వెనక్కి నడవాల్నా నేను?"

ఇద్దరం నవ్వేశాం. నవ్వాక నాకు ఏడుపు వచ్చింది. అయినా చెబుతున్నాను, ఆ పూట నుంచి నా ఒళ్ళు తేలికైపోయింది. చెప్పాలి అని నిశ్చయించుకున్న మనిషికి అంత హుషారు వస్తుందని నాకు తెలియదు. వాద్యారు ఇంటికి పోయి, ఈ ఏడు మీ నోటుబుక్కే ఆడతాం, రావాలి అన్నాను. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. చెవి మిషను సర్దుకుని, "మీసం?" అన్నాడు. లేదు సార్ అన్నాను. డాక్టరమ్మ ఇప్పుడు హొసూరులో ఉంటోంది. ఫోన్ చేశాను.

"మళ్ళీ తిట్టేదానికి పిలుస్తా ఉండావా?"

"ఔనమ్మా. ఈసారి నన్ను."

"దీపం వేళకు నేను ఎక్కడుండాల?"

"మా ఇంట్లో. మా అమ్మ దీపం పక్కనే మీదీ పెట్టండి."

గుడ్‌ఫ్రైడే నాడు అందరికీ ఐదుగురి పెట్టె. చిన్నాయనకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పి, సిలువ ఆయన కంటే చురుగ్గా ఉంది. నా ఏడుపు సీనుకు ఈల రాలేదు. ఒక ముసలావిడ ముక్కు చీదింది. అది చాలనిపించింది. అయిదుంబావుకు నాటకం అయిపోయింది. ఆఖరున నేను వచ్చాను, కిరీటం తీయడానికి. చెమటకు దారం బిగిసి అది రాలేదు. బావమరిది వెనక నుంచి లాగితే నేను కిరీటంతో సహా రెండడుగులు వెనక్కి పోయాను. జనం పగలబడి నవ్వారు. మద్దెల అతను ఇదంతా మామూలే అనుకుని ముగింపు దరువు వేశాడు. చెయ్యి చూపి ఆపమన్నాను. అతను ఇంకా గట్టిగా వాయించాడు. చివరికి చిన్నాయన యేసు వేషంలోనే పోయి మద్దెల మీద చెయ్యి పెట్టాడు.

మొదట తమిళంలో చెప్పాను. గొంతు లేవలేదు.

"గట్టిగా బావా," అన్నాడు బావమరిది. "సార్‌కు మిషను ఒక చెవికే."

గట్టిగా చెప్పాను. ఆ పైన కిరీటం చంకలో పెట్టుకుని మొదటి వరస ముందుకు దిగి, వాద్యారు కాళ్ళ దగ్గర కూర్చుని, డాక్టరమ్మ వైపు తిరిగి తెలుగులో మళ్ళీ చెప్పాను.

"తప్పులుంటే అని నేను అనను. తప్పుంది. తొమ్మిదేండ్ల కింద ఇక్కడ నేను పాడిన పాట ఈ సార్ రాయలేదు. ఆయన నోటుబుక్కులో ఒక్క చెడ్డ మాట లేదు. ఈలల కోసం నేను కట్టినాను, మీరు కూర్చోనుండారని తెలిసీ మూడుసార్లు పాడినాను, అడిగినోళ్ళకు సార్ రాసినాడని అబద్ధం చెప్పినాను. మీ జనం దేవుణ్ణి చంపలేదమ్మా. అది నాకు ఆ పొద్దే తెలుసు, సార్ చెప్పినాడు. తెలిసీ తిట్టినోడు ఆయన కాదు, నేను. సార్, మన్నించండి. అమ్మా, మన్నించండి."